మూడో చుక్క తరువాత

రాత్రి రెండు దాటింది. క్లాక్స్‌విక్ రేవులో
పడవలన్నీ కట్టుకొయ్యలకు నుదురు ఆనించి పడుకున్నాయి.
ఒకప్పుడు చేపలకు ఉప్పు పట్టించిన కొట్టు ఇది.
ఎన్నిసార్లు సున్నం వేసినా
వాన పట్టిందంటే గోడ ఉప్పు చెమరుస్తుంది.
ఆ గోడ పక్కన నాలుగు సర్వర్లు,
మా ఆరు దీవుల ఉత్తరాలు మోసేవి.

హానుస్ వాటికి దీవుల పేర్లే పెట్టాడు:
కునోయ్, వీయోయ్, స్వీనోయ్, ఫుగ్లోయ్.
ఆయన రిటైరై నాలుగేళ్లు.
తలుపు మీది పలకలో ఇంకా ఆయనే ఉన్నాడు.
నా పేరు రన్వా. నా పలక ఎక్కడో తయారవుతోందట.

అప్‌డేట్ అయిపోయిందని తెర చెప్పింది,
పచ్చటి టిక్కు, పక్కన "విజయవంతం".
సంబంధాలు కుదిర్చేవాడి మాట లాంటిది అది,
అబద్ధం అనలేం.
నిజం కావాలంటే అంకె అడగాలి.

పదకొండు చుక్క నాలుగు చుక్క
పద్దెనిమిది వందల ఆరు చుక్క
ఇరవై మూడు.

పొగమంచు దిగి ఆకాశంలో చుక్కన్నది లేదు.
నాకున్నవి ఈ మూడే.
మూడోదాని తరువాత ఇరవై మూడు ఉండాలి,
పాతది పంతొమ్మిది.
ఆ నాలుగంకెల సందులోంచి
ఎవడైనా కన్నం వేయొచ్చని
శుక్రవారమే హెచ్చరిక వచ్చింది.

కునోయ్: ఇరవై మూడు. అడగ్గానే చెప్పింది,
ముందు బెంచీ పిల్లలా.
వీయోయ్: ఇరవై మూడు.
స్వీనోయ్ కాస్త నీలిగి, ఇరవై మూడు.
ఫుగ్లోయ్: పంతొమ్మిది.

మళ్లీ అడిగాను. పంతొమ్మిది.
ఆపి, లేపి, ఫ్యాన్ల రొప్పు తగ్గేదాకా ఆగి అడిగాను.
పంతొమ్మిది.
మబ్బు పట్టిన రాత్రి నాకు చుక్కలు చూపించింది.

ఫోను మోగింది. ఈ వేళప్పుడు ఆయనే.
ఆయనకు నిద్ర పట్టదు, ఆ కిటికీకి ఈ గది దీపం కనిపిస్తుంది.
"ఏమంటోంది?"
"ఫుగ్లోయ్ పాతదాన్నే అంటోంది."
"అది అన్నది కాదు. నువ్వు చూసింది చెప్పు."
పెట్టేశాడు.

సరే, చూశాను.
ఒక్కో ఫైలునీ తిప్పి, వీపు మీది అంకె చదవడం.
మా మేనత్త బిల్హిల్డ్ గొర్రెల్ని ఇలాగే లెక్కపెట్టేది,
ఒక్కోదాని చెవి మడిచి, గాటు తడిమి.
ఉన్ని మీద పూసిన రంగును ఏనాడూ నమ్మలేదు.

ఫుగ్లోయ్‌లో నూట పన్నెండు ఫైళ్లు.
నూట పన్నెండూ కొత్తవే.
లోపలంతా మారిపోయి
ఆ సంగతి చెప్పడం మరిచిపోయింది, పిచ్చిది.

అక్కడితో దీపం ఆర్పి పోవాల్సినదాన్ని.
ఎందుకో, చెయ్యి అలవాటులో ఉంది కదా అని,
కునోయ్ చెవి కూడా మడిచాను.

నూట పదకొండు కొత్తవి.
ఒకటి పాతది.
మార్చే వేళకు ఏదో పని దాన్ని పట్టుకుని ఉంది, వదల్లేదు.
బయటివాళ్లు వస్తే ముందు పలకరించేది ఆ ఫైలే.
వాకిలి తెరిచి పెట్టుకుని
నుదుట ఇరవై మూడని బొట్టు పెట్టుకుని
ఎంత ముద్దుగా చెప్పింది నాతో!

తిట్టాను. మా భాష చాలక
డానిష్‌లో కూడా తిట్టాను.

ఐదుంపావుకి కునోయ్ నిజంగా లేచింది.
వరుసలో నిలబడ్డ ఉత్తరాలు కదిలాయి.
నాకు పైమాటలే కనిపిస్తాయి, లోపలివి చూడను:
పొగమంచు వల్ల ఉదయం హెలికాప్టర్ రద్దు.
సాల్మన్ వలగూళ్లలో పేల లెక్క, ఈ వారం.
స్వెట్టర్లు పద్నాలుగు, ఒకదానికి చేతులు పొడుగు.
పైమాట ఏమీ లేకుండా ఒకటి,
ఎవరో ఎవరికో, మూడు రాత్రులుగా ఇదే వేళకు.

హానుస్ నోటుపుస్తకంలో తేదీ వేసి అంకె రాశాను,
ఆయనలాగే పెన్సిల్‌తో.
వచ్చే నెల ఇదీ పాతదే.
కునోయ్ పక్కన చిన్న చెవి బొమ్మ గీసి
దానికి గాటు పెట్టాను.

ఆయన కిటికీలో దీపం ఆరింది.
వేగుచుక్క ఐదూ నలభైకి వస్తుందని
గోడ క్యాలెండరు అంటోంది.
నేనైతే చూడలేదు.